మీ తీరిక కోసం ఎవరు ఎదురుచూస్తున్నారు?

పిల్లలు చిన్నవాళ్ళుగా ఉన్నప్పుడు మనకి ఊపిరి పీల్చుకునే తీరిక ఉండదు. క్యారేజీలు, యూనిఫారాలు, హోంవర్కులు... గడియారం ముల్లుతో పాటు మనమూ తిరుగుతాం. వాళ్ళు పెద్దవాళ్ళై ఒకరు హాస్టలుకీ, ఒకరు ఉద్యోగానికీ వెళ్ళాక ఒక్కసారిగా ఇల్లు పెద్దదైపోతుంది. మధ్యాహ్నం భోజనాలై, గిన్నెలు సర్దేశాక రెండు గంటల నుంచి అయిదు దాకా ఏం చెయ్యాలో తోచదు. టీవీ సీరియళ్ళు ఎన్నని చూస్తాం? ఫోనులో వీడియోలు ఎన్నని తిప్పుతాం? నలభై దాటిన చాలామంది గృహిణులకి అప్పుడొచ్చే దిగులు ఒక్కటే - "నాతో ఇంక ఎవరికీ పని లేదేమో!"

అలాంటి సమయంలో ఎవరో ఒకరు సలహా చెప్తారు - "ఏదైనా సేవ చెయ్యరాదూ?" అని. చెప్పడం తేలికే. కానీ ఏ సేవ? ఎక్కడ? ఎవర్ని అడగాలి? మనం వెళ్తే రానిస్తారా? ఇంట్లో ఏమంటారు? ఈ ప్రశ్నలకి జవాబు దొరక్క ఎంతోమంది ఆ ఆలోచనని అక్కడే వదిలేస్తారు. ఈ వ్యాసం అలా వదిలేసినవాళ్ళ కోసమే.

మళ్ళీ జీతం లేని పనేనా?

ముందుగా మీలో కొందరికి వచ్చే కోపం గురించి మాట్లాడుకుందాం. ఆ కోపం న్యాయమైనదే. 2024లో కేంద్ర ప్రభుత్వం జరిపిన సమయ వినియోగ సర్వే ప్రకారం మన దేశంలో ఇంటిపని చేసే ఆడవాళ్ళు సగటున రోజుకి 289 నిమిషాలు జీతం లేని ఆ పనికే ఖర్చు పెడుతున్నారు. అంటే ఇంచుమించు అయిదు గంటలు. ఇంటిపనిలో చెయ్యి వేసే మగవాళ్ళు పెట్టేది 88 నిమిషాలు. ఇంత చాకిరీ ఊరికే చేస్తున్నవాళ్ళని పట్టుకుని "బయటకెళ్ళి ఇంకా ఊరికే చెయ్యండి" అనడం సబబేనా?

తేడా ఒకటుంది. ఇంటిపని మనం ఎంచుకున్నది కాదు, మనమీద పడినది. చేస్తే ఎవరికీ కనిపించదు, చెయ్యకపోతేనే కనిపిస్తుంది. బయట చేసే సేవ మనం ఎంచుకున్నది. అక్కడ మనం ఫలానావారి భార్య, ఫలానావారి తల్లి కాదు. మన పేరుతో మనం ఉంటాం. అయితే ఒక్క షరతు! ఆ రెండు గంటలూ మీ నిద్రలోంచో, మీ భోజనంలోంచో కోసుకోకూడదు. ఆ రోజు సాయంత్రం టీ ఇంట్లో ఇంకెవరైనా పెట్టుకోవాలి. అలా కుదిరితేనే ఆ సేవ నాలుగు కాలాలు నిలుస్తుంది.

ఇంకో మాట. మన రాష్ట్రంలో 2019 నుంచి కొన్నేళ్ళ పాటు "వాలంటీర్" అంటే గౌరవ వేతనం తీసుకుని గడపగడపకీ పింఛన్లు అందించే గ్రామ వాలంటీరే గుర్తొచ్చేవారు. నేను చెప్పేది ఆ కొలువు గురించి కాదు. జీతం, పదవి, ఆర్డరు కాగితం ఏమీ లేకుండా ఇష్టంతో చేసే పని గురించి.

మన గడ్డకి కొత్త కాదు

మా కంకిపాడుకి దగ్గర్లోనే, ఉయ్యూరు అవతల ముదునూరు అనే ఊరుంది. గోరా గారు, ఆయన భార్య సరస్వతి గారు 1940లో నాస్తిక కేంద్రం మొదలుపెట్టింది ఆ పల్లెలోనే. 1947లో అది విజయవాడ పటమటకి మారింది. దేవుడి విషయంలో మన నమ్మకాలు మనవి, వారివి వారివి. కానీ అంటరానితనం పోవాలని ఆ దంపతులు పడిన శ్రమని ఎవరూ కాదనలేరు. 1969లో వాసవ్య మహిళా మండలి వచ్చింది కూడా ఆ కుటుంబం నుంచే. వారి కుమార్తె చెన్నుపాటి విద్య గారు విజయవాడ నుంచి రెండుసార్లు లోక్‌సభకి వెళ్ళారు, అయినా మండలి పనిని వదల్లేదు.

1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడిన సంగతి మన పెద్దవాళ్ళు ఇప్పటికీ చెప్తారు. వేలమంది పోయారు. శవాలని తియ్యడానికి, బతికినవాళ్ళకి వండి పెట్టడానికి ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చారు. వాళ్ళలో ఎక్కువమంది మామూలు మనుషులే.

దుర్గాబాయి గారి కథ మీరు వినే ఉంటారు. 1923లో కాకినాడలో కాంగ్రెస్ మహాసభలు జరిగినప్పుడు ఆమెకి పద్నాలుగేళ్ళు. ఖద్దరు ప్రదర్శన దగ్గర టిక్కెట్టు లేనివాళ్ళని లోపలికి పంపకూడదన్నది ఆమెకి అప్పగించిన పని. సాక్షాత్తు నెహ్రూ గారు వచ్చినా టిక్కెట్టు లేదని ఆపేసింది. నిర్వాహకులు టిక్కెట్టు కొన్నాకే వెళ్ళనిచ్చింది. పని చిన్నదే, జీతం లేదు. అయినా అప్పగించారు కాబట్టి అది తన బాధ్యత అనుకుంది. 1937లో ఆంధ్ర మహిళా సభని స్థాపించిన దుర్గాబాయి మనకి అప్పుడే కనిపించింది.

ఇక నెల్లూరు జిల్లా దూబగుంట. 1990ల మొదట్లో అక్షరాస్యత ఉద్యమంలో రాత్రిబడులు నడిపినవాళ్ళు ఆయా ఊళ్ళలో నాలుగు అక్షరాలు వచ్చిన మామూలు మనుషులు. జీతం తీసుకున్నవాళ్ళు కాదు. ఆ బడుల్లో కూర్చుని పాఠం చదివిన ఆడవాళ్ళు సారా మన ఇళ్ళని ఎలా కాల్చేస్తోందో మాట్లాడుకున్నారు. ఊళ్ళో సారా దుకాణాన్ని మూయించారు. ఆ నిప్పు రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి సారాని నిషేధించాల్సి వచ్చింది. లాంతరు వెలుగులో "అ, ఆ" దిద్దించిన ఆ వాలంటీర్లు ఇంత జరుగుతుందని అనుకుని ఉంటారా?

వరద నేర్పిన పాఠం

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ చుట్టుపక్కల కాలనీలన్నీ రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి. అప్పుడు చుట్టుపక్కల ఊళ్ళ నుంచి పులిహోర పొట్లాలు, పాల ప్యాకెట్లు, మంచినీళ్ళు పంపినవాళ్ళెందరో! మన జిల్లా మనసు పెద్దదని మరోసారి తెలిసింది.

కానీ అలాంటి కష్టంలో రోజుకో అవసరం ఉంటుంది. మొదటి రోజు తిండి, నీళ్ళు. రెండో రోజు పసిపిల్లలకి పాలు, ఆడపిల్లలకి ప్యాడ్లు, మార్చుకోవడానికి పొడిబట్టలు. నీరు తీశాక బురద ఎత్తిపోసే మనుషులు, చీపుర్లు, బ్లీచింగు. ఇంకో నెలకి తడిసిపోయిన పిల్లల పుస్తకాలు, సర్టిఫికెట్లు. నీళ్ళున్నన్నాళ్ళూ జనం వస్తారు. బురద మిగిలినప్పుడు వచ్చేవాళ్ళు తక్కువ. సర్టిఫికెట్టు కోసం ఆఫీసు చుట్టూ తిరిగే తల్లికి దరఖాస్తు రాసిపెట్టేవాళ్ళు ఇంకా తక్కువ.

అందుకే మొదటి సూత్రం: "నేను ఏం ఇవ్వగలను?" అని కాదు, "వాళ్ళకి ఇప్పుడు ఏం కావాలి?" అని అడగండి. అడిగి తెలుసుకోవడంలో సిగ్గు పడాల్సిందేమీ లేదు.

మూడు ప్రశ్నలు

పని వెతుక్కునే ముందు ఒక కాగితం మీద ఈ మూడు ప్రశ్నలకీ జవాబులు రాసుకోండి.

ఒకటి - నా చేతికి ఏ పని వచ్చు? వంట, కుట్టు, లెక్క, చదవడం, రాయడం, ఓపిగ్గా వినడం... ఏదైనా సరే. "నాకేం రాదు" అనకండి. పాతికేళ్ళు సంసారం నడిపిన మనిషికి ఏమీ రాకపోవడమేమిటి!

రెండు - నాకు ఎప్పుడు తీరిక? వారంలో ఏ రోజు, ఎన్ని గంటలకి? "కుదిరినప్పుడు వస్తాను" అన్నది ఎవరికీ ఉపయోగపడదు. "మంగళవారం మూడింటికి" అంటే ఉపయోగపడుతుంది.

మూడు - నేను వెళ్ళకపోతే ఎవరైనా ఎదురుచూస్తారా? ఇదే అసలైన పరీక్ష. ఏడాదికోసారి రిబ్బను కట్ చేసే కార్యక్రమంలో మనం లేకపోయినా కొరత ఉండదు. ఒక మనిషి మన కోసం చూస్తూ కూర్చుంటే, మన పని నిజమైనదని అర్థం.

నా సంగతే చెప్తాను. మా దగ్గర కూరగాయలు అమ్ముకునే ముగ్గురు ఆడవాళ్ళకి వారానికి రెండు మధ్యాహ్నాలు చదువు చెప్తున్నాను. నాదీ ఇంటరుతో ఆగిన చదువే. మొదటిరోజు పలక మీద "అ" రాయబోతే వాళ్ళలో పెద్దావిడ ఆపేసింది. "అదంతా తర్వాతమ్మా! ముందు కాటా చీటీలో ఎన్ని కిలోలు రాశారో చదవడం చెప్పు" అంది. దాంతో అంకెల నుంచి మొదలుపెట్టాం. తర్వాత బస్సు బోర్డులు, ఆ తర్వాత బ్యాంకు పాసు పుస్తకం. అక్షరాలు వాటి వెనకాలే వచ్చాయి. ఒకసారి మా అత్తగారికి జ్వరమొచ్చి వెళ్ళలేకపోయాను. మర్నాడు బజార్లో ఆవిడ బేరం ఆపి మరీ అడిగింది - "ఏం పంతులమ్మా, నిన్న రాలేదే? అరుగుమీద కూర్చుని కూర్చుని పోయాం!" ఆ మాట నాకు సన్మానం కన్నా ఎక్కువ.

ఎవరికి ఏ పని?

చదువు చెప్పాలనుకునేవారికి: పదిహేనేళ్ళు దాటిన, చదువు రాని పెద్దల కోసం కేంద్ర ప్రభుత్వం "ఉల్లాస్" అనే కార్యక్రమం పెట్టింది. ఇది 2022లో మొదలైంది, 2027 దాకా ఉంటుంది. ఇందులో చదువు చెప్పేది వాలంటీర్లే. వివరాలు మీ మండల విద్యాశాఖాధికారి ఆఫీసులో గానీ, ఊళ్ళోని హైస్కూలు హెడ్‌మాస్టరు గారి దగ్గర గానీ అడగండి. పెద్దవాళ్ళకి చెప్పేటప్పుడు చిన్నపిల్లల్ని అదిలించినట్టు అదిలించకండి. వాళ్ళకి చదువే రాదు గానీ, లోకం మనకన్నా ఎక్కువ తెలుసు.

అక్షరం పొందికగా రాసేవారికి: చూపు లేని విద్యార్థులకి పరీక్షల్లో వాళ్ళు చెప్తుంటే రాసిపెట్టే మనిషి కావాలి. వాళ్ళకి గంటకి 20 నిమిషాల అదనపు సమయం కూడా ఇస్తారు. రాసేవారి చదువు విద్యార్థి చదువు కన్నా తక్కువ ఉండాలని చాలా పరీక్షల్లో నిబంధన ఉంటుంది. అంటే డిగ్రీ పరీక్ష రాసే విద్యార్థికి ఇంటరు చదివినవాళ్ళు పనికొస్తారన్నమాట! చదువు ఆగిపోయిందని ఇన్నాళ్ళూ బాధపడ్డవాళ్ళకి ఇదో అవకాశం. నిబంధనలు పరీక్షని బట్టి మారతాయి కాబట్టి ముందే కాలేజీలో కనుక్కోండి. ఆ పిల్లలు చెప్పిందే రాయాలి. మన తెలివి కలపకూడదు, మాట ఎగరగొట్టకూడదు. పరీక్షలు లేనప్పుడు వాళ్ళ పాఠాలు చదివి ఫోనులో రికార్డు చేసి పంపినా ఎంతో మేలు.

ఓపిగ్గా వినేవారికి: మంచాన పడ్డవాళ్ళు మన వీధిలోనే ఉంటారు. కేరళలో కోజికోడ్, మలప్పురం ప్రాంతాల్లో పాతికేళ్ళుగా ఒక మంచి పద్ధతి నడుస్తోంది. వారానికి కనీసం రెండు గంటలు ఇవ్వగలిగిన ఎవరినైనా చేర్చుకుని, రోగి దగ్గర ఎలా మెలగాలో ముందు శిక్షణ ఇస్తారు. తర్వాత వాళ్ళు తమ చుట్టుపక్కల ఇళ్ళకి వెళ్ళి రోగితో మాట్లాడతారు, ఇంటివాళ్ళ కష్టం వింటారు, నొప్పి ఎక్కువైతే నర్సుకి కబురు చేస్తారు. మందులు వాళ్ళు ఇవ్వరు. మనం కూడా వైద్యం జోలికి పోకుండా, వారానికోసారి వెళ్ళి గంటసేపు కూర్చోవచ్చు. రోగిని చూసుకునే కోడలో, భార్యో ఆ గంటలో తలస్నానం చేసి వచ్చినా చాలు. ఆ ఇంటికి అదే పెద్ద సాయం.

వారం వారం కుదరనివారికి: కొందరికి ప్రతివారం వీలు కాదు గానీ, ఏడాదిలో ఓ వారం ఇల్లు విడిచి రాగలరు. తిరుమలలో 2000 సంవత్సరంలో మొదలైన శ్రీవారి సేవ అలాంటివాళ్ళకి తగినది. అన్నప్రసాదం దగ్గర కూరగాయలు తరగడం, వడ్డించడం, క్యూలైన్లలో భక్తులకి నీళ్ళు, పాలు అందించడం లాంటి పనులుంటాయి. మన వైపు నుంచి ఎంతోమంది ఆడవాళ్ళు జట్టుగా వెళ్ళొస్తుంటారు. పేరు ముందుగా టీటీడీ వారి వెబ్‌సైట్‌లో నమోదు చేసుకోవాలి.

అసలు తీరికే లేనివారికి: రక్తదానానికి ఓ పూట చాలు. 18 ఏళ్ళు దాటి, 45 కిలోల బరువు, 12.5 గ్రాముల హిమోగ్లోబిన్ ఉంటే ఇవ్వొచ్చు. మగవాళ్ళు మూడు నెలలకోసారి, ఆడవాళ్ళు నాలుగు నెలలకోసారి ఇవ్వొచ్చు. చాలామంది ఆడవాళ్ళని హిమోగ్లోబిన్ చాల్లేదని వెనక్కి పంపేస్తారు. అలా పంపితే చిన్నబుచ్చుకోకండి. మీ ఒంట్లో రక్తం తక్కువుందని ఊరికే తెలిసింది కదా! డాక్టరుకి చూపించుకుని, ఆకుకూరలూ, పప్పులూ పెంచి, మాత్రలు వాడి, బాగయ్యాక మళ్ళీ వెళ్ళండి.

ఇంట్లో ఒప్పించడం

"ఇంట్లో పని చూసుకోలేక ఊరి పనా?" అని అత్తగారు అనొచ్చు. "నీకెందుకొచ్చిన గొడవ?" అని మీవారు అనొచ్చు. వాదించకండి. రోజు, గంట, చోటు స్పష్టంగా చెప్పండి. "శుక్రవారం మూడింటికి వెళ్తాను, అయిదున్నరకల్లా వచ్చేస్తాను" అని చెప్పి, నెల రోజులు అలాగే వచ్చెయ్యండి. ఆ నెల అయ్యాక ఎవరూ అడగరు. వీలైతే ఓసారి మీవారిని వెంట తీసుకెళ్ళండి. చూసిన మనిషికి వివరించక్కర్లేదు.

బస్సు ఛార్జీ ఎవర్ని అడగాలా అన్న మొహమాటం కూడా ఇప్పుడు అక్కర్లేదు. 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పథకం మొదలయ్యాక మన రాష్ట్రంలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ బస్సుల్లో ఆడవాళ్ళకి టిక్కెట్టు ఖర్చు లేదు. కంకిపాడు నుంచి బందరు రోడ్డు మీద విజయవాడ వెళ్ళి రావడానికి పర్సు తియ్యాల్సిన పని లేదు. ఆధార్ కార్డు దగ్గరుంచుకుంటే చాలు.

జాగ్రత్తలు కూడా చెప్పుకోవాలి

సేవ పేరు చెప్పి మోసం చేసేవాళ్ళూ ఉన్నారు. చేరడానికే డబ్బు కట్టమనేవాళ్ళకి, చందాలు వసూలు చేసి రసీదు ఇవ్వనివాళ్ళకి దూరంగా ఉండండి. ఏ సంస్థలో చేరినా, లెక్కలు ఎవరు చూస్తారో ముందే అడగండి. అడిగితే కోపం వచ్చేవాళ్ళ దగ్గర మీకు పని లేదు.

పిల్లలతో పని చేసేటప్పుడు ఒంటరిగా, తలుపులు వేసుకుని ఉండకండి. మరో పెద్దమనిషి ఎదురుగా ఉండాలి. ఏ పిల్లో తనని కొడుతున్నారనో, పెళ్ళి చేసేస్తున్నారనో చెబితే మీరొక్కరే వెళ్ళి పోట్లాడకండి. 1098కి ఫోన్ చెయ్యండి.

పండు చేతిలో పెట్టి ఫొటో తీయించుకునే అలవాటు మనకొద్దు. తీసుకునేవాళ్ళకీ పరువుంటుంది. వాళ్ళ పిల్లలు రేపు ఆ ఫొటో ఎవరి ఫోనులోనో చూసుకుంటారు.

ఒకరి కూలి పోయేలా మనం ఊరికే పని చెయ్యకూడదు. ఒక ఆయాని పెట్టుకోవాల్సిన చోట మనల్ని ఊరికే తిప్పుకుంటుంటే, మర్యాదగా తప్పుకోండి. మన సేవ వల్ల ఇంకో ఆడదాని ఇంట్లో పొయ్యి ఆరకూడదు.

ఇక చివరగా, మూడు నెలలు చూడండి. మొదటి నెల బెరుకు, రెండో నెల విసుగు వస్తాయి. మూడో నెలలో కూడా కాళ్ళు ఈడ్చుకుంటూ వెళ్తున్నారంటే ఆ పని మీకు సరిపోలేదన్నమాట. చెప్పి మానెయ్యండి. చెప్పకుండా మాత్రం మానకండి, అవతల ఎదురుచూసేవాళ్ళుంటారు. సరిపడే పని ఇంకెక్కడో ఉంటుంది.

ఈ వారమే మొదలుపెట్టాలంటే...

* పైన చెప్పిన మూడు ప్రశ్నలకీ జవాబులు ఒక కాగితం మీద రాయండి. "సమాజ సేవ" అని రాయకండి. "శనివారం మూడింటికి, ఇద్దరు పిల్లలకి లెక్కలు" అని రాయండి.

* మీ వీధిలో అంగన్‌వాడీ టీచర్ని, ఆశా కార్యకర్తని, స్కూలు హెడ్‌మాస్టర్ని కలిసి "మీకు ఏ పనికి మనిషి తక్కువ?" అని అడగండి. ఊరి అవసరాలు వాళ్ళకి తెలిసినంత ఎవరికీ తెలియవు.

* మీలాగే తీరికున్న ఇంకో స్నేహితురాల్ని కలుపుకోండి. ఒకరికి కుదరని రోజు రెండోవారు వెళ్తే పని ఆగదు.

* మీ శక్తికి సగమే ఒప్పుకోండి. వారానికి నాలుగు రోజులు చెప్పి రెండు రోజులు వెళ్ళడం కన్నా, ఒక్క రోజు చెప్పి తప్పకుండా వెళ్ళడం మేలు.

* వెళ్ళే రోజుని క్యాలెండరు మీద గుండ్రం చుట్టండి. గ్యాసు బండ వచ్చిన తేదీ, పాలవాడి లెక్క రాసుకునే ఆ క్యాలెండరు మీదే. ఇంట్లో అందరికీ కనబడనివ్వండి, ఆ సాయంత్రం టీ ఎవరు పెట్టాలో కూడా పక్కనే రాసెయ్యండి!